నీళ్ల గొట్టం, గ్యాస్ గొట్టం



అనంతపురం జిల్లా తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో 2018 జులై 12న ఆరుగురు కార్మికులు విషవాయువు పీల్చి చనిపోయారు. ఆ కర్మాగారం అప్పట్లో బ్రెజిల్ దేశపు గెర్డావ్ కంపెనీది. రోలింగ్ మిల్లులో మరమ్మతు ముగిసి, అంతా సరిగా ఉందో లేదో పరీక్షిస్తున్న సమయంలో కార్బన్ మోనాక్సైడ్ లీకైందని పోలీసులు చెప్పారు. ఇద్దరు అక్కడికక్కడే ప్రాణాలు విడిచారు. మిగతా నలుగురినీ ఆసుపత్రికి చేర్చినా దక్కలేదు. ఈ వార్తలో అందరూ ఆరు అనే అంకె దగ్గర ఆగారు. నేను ఈ రోజు ఇంకో మాట దగ్గర ఆగదలుచుకున్నాను: మరమ్మతు తర్వాత. కొలిమి మండుతూ, పని జోరుగా సాగుతున్నప్పుడు కాదు. ఆపిన దాన్ని మళ్లీ నడిపించబోయినప్పుడు. గ్యాస్ గొట్టాల ప్రమాదాలను వరసగా చూసుకుంటూ పోతే ఈ మాట మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. గొట్టంలో గ్యాస్ మామూలుగా పారుతున్నప్పుడు ఉండే ముప్పు కంటే, గొట్టాన్ని విప్పే గంటలో, శుభ్రం చేసే గంటలో, తిరిగి గ్యాస్ వదిలే గంటలో ఉండే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ గంటలో అక్కడ నిలబడేది ఒక ఫిట్టరు, ఒక వెల్డరు, వాళ్లకు సాయం వచ్చిన ఒక కూలీ మనిషి. ఆ మనిషికి ఆ పని వచ్చునో రాదో చూసి, అతని పేరు మీద పత్రం ఇచ్చే తప్పనిసరి ఏర్పాటు మనకు లేదు. ఉండాలని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందు ఆ వాయువు సంగతి చెప్పుకోవాలి. ఇనుప ఖనిజాన్ని కరిగించే బ్లాస్ట్ ఫర్నేసు నుంచి వెలువడే గ్యాస్‌ను ఉక్కు కర్మాగారాలు వృథా పోనివ్వవు. దాన్ని శుభ్రం చేసి, పెద్ద పెద్ద గొట్టాల్లో తెచ్చి, ఇనుప దిమ్మెలను మళ్లీ ఎర్రగా కాల్చే కొలిముల్లో ఇంధనంగా వాడుకుంటాయి. అందులో నూటికి ఇరవై పాళ్లకు పైగా కార్బన్ మోనాక్సైడే. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలితో దాదాపు సమానమైన బరువు కాబట్టి పైకీ పోదు, కిందకీ దిగదు. మనిషి ముక్కు దగ్గరే తిరుగుతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. పనిచేసే చోట రోజంతటి సగటున పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు దాటరాదని ఫ్యాక్టరీల చట్టం హద్దు పెట్టింది. గొట్టంలో ఉన్నది ఆ హద్దుకు నాలుగు వేల రెట్లు. మన సీమలో పాతబావుల్లో పూడిక తీయడానికి దిగే ముందు లాంతరు కట్టి దించి చూసే అలవాటు ఉండేది. దీపం ఆరితే మనిషి దిగడు. ప్రాణవాయువు తక్కువైన బావిలో అది మంచి పరీక్షే. కానీ నూటికి ఒక్క పాలు కార్బన్ మోనాక్సైడ్ కలిసిన గాలిలో దీపం చక్కగా వెలుగుతూనే ఉంటుంది, మనిషి మాత్రం నిమిషాల్లో కూలిపోతాడు. మండే గ్యాస్ పోగుపడిన చోట ఆ దీపమే నిప్పు పెడుతుంది. తాతలనాటి తెలివి తప్పని కాదు. అది ఆ బావికి సరిపోయిన తెలివి, ఈ గొట్టానికి సరిపోదు. గ్యాస్ మారితే పరీక్ష మారాలి, పరీక్ష మారితే దాన్ని నేర్చుకున్న మనిషి కావాలి.

ఇది తాడిపత్రిలో మాత్రమే జరిగిన సంగతి కాదు. భిలాయి ఉక్కు కర్మాగారంలో 2014 జూన్‌లో గ్యాస్‌ను శుభ్రం చేసే విభాగానికి నీళ్లు ఆగిపోయి, ఇదే వాయువు బయటపడి ఆరుగురు పోయారు. వాళ్లలో పెద్ద హోదా ఉన్న అధికారులూ ఉన్నారు. అదే భిలాయిలో 2018 అక్టోబరు 9న, అంటే తాడిపత్రి ప్రమాదం జరిగిన మూడు నెలలకు, కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టానికి మరమ్మతు చేస్తుండగా మంటలు లేచి పది మందికి పైగా చనిపోయారు. రవుర్కెలాలో 2021 జనవరి 6న కార్బన్ మోనాక్సైడ్‌కు నలుగురు బలయ్యారు. నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది కూడా లాక్‌డౌన్‌లో మూతపడిన కర్మాగారాన్ని మళ్లీ నడిపించే సన్నాహాల్లోనే. అమెరికాలోని మిడిల్‌టౌన్‌లో 2010 ఫిబ్రవరి 7న, కొత్తగా కడుతున్న విద్యుత్ కేంద్రంలో గొట్టాల్లోని చెత్తను ఊడ్చడానికి సహజవాయువునే జోరుగా వదిలారు. బయటికొచ్చిన గ్యాస్ అంటుకుని ఆరుగురు చనిపోయారు. గాలితోనో నైట్రోజన్‌తోనో ఊది చేయదగిన పని అది. దేశాలు వేరు, గ్యాసులు వేరు. అయినా ఇన్నిసార్లు ఆ ఆగే, విప్పే, మళ్లీ మొదలుపెట్టే ఘడియే ఎందుకు? నడుస్తున్న గొట్టంలో అంతా గ్యాసే, బయట అంతా గాలే. రెండింటి మధ్య ఉక్కు గోడ ఉంటుంది. మరమ్మతు అంటే ఆ గోడను మన చేతులతో మనమే తీసేయడం. మామూలు రోజున యంత్రం కాపాడుతుంది, మరమ్మతు రోజున మనిషి జ్ఞానం ఒక్కటే కాపాడాలి.

ఆ జ్ఞానం ఏమంత దాపరికం కాదు. వాల్వు కట్టేశాం కదా అని గొట్టం విప్పకూడదు. ఎంత మంచి వాల్వైనా లోపల కొద్దిగా కారవచ్చు, ఎవరో ఒకరు తెలియక తిప్పనూవచ్చు. ఫ్లాంజీల మధ్య గట్టి ఇనుప పలక, అంటే బ్లైండ్ ప్లేటు, దూర్చి బిగించాలి; పెద్ద గొట్టాలకైతే నీటి సీలు కూడా నింపాలి. లోపల మిగిలిన గ్యాస్‌ను నైట్రోజన్‌తో తరిమేయాలి. తరిమామని అనుకోవడం చాలదు, మీటరు పెట్టి చూడాలి. ఒక్క మూలన కాదు, పైనా కిందా చివరా చూడాలి. నైట్రోజన్ నింపిన గొట్టంలోకి మనిషి నేరుగా దూరితే ప్రాణవాయువు అందక పోతాడు కాబట్టి తాజా గాలి పట్టించి మళ్లీ కొలవాలి. లోపలికి వెళ్లే మనిషి చొక్కాకు కార్బన్ మోనాక్సైడ్ మీటరు ఉండాలి, బయట ఇంకొకరు కాపలా ఉండాలి. లోపలి మనిషి పడిపోతే బయటి మనిషి ఉన్నపళంగా దూకరాదు. గాలి సిలిండరు, ముసుగు తగిలించుకునే వెళ్లాలి. ఈ నియమం రాతి గుండె పెట్టినట్టు వినిపిస్తుంది. కానీ ఇలాంటి చోట్ల మొదటి మనిషిని కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు పోతారు, అందుకే ఆ నియమం పుట్టింది. పని అయ్యాక ఇదంతా వెనక్కి నడవాలి: ముందు గాలిని నైట్రోజన్‌తో తరిమి, ఆ తర్వాతే గ్యాస్ వదలాలి. ప్రమాదకర వాయువు ఉన్న గొట్టంలోకి, గదిలోకి పరీక్ష చేయకుండా, తగిన మనిషి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా ఎవరినీ దింపరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు. 

ఆ రాతపూర్వక అనుమతినే పనివాళ్లు పర్మిట్ అంటారు. పర్మిట్ అంటే సంతకాల తతంగమని విసుక్కునేవాళ్లు 1988 జులై 6 రాత్రి ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఏం జరిగిందో వినాలి. పగటి షిఫ్టువాళ్లు ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును మరమ్మతు కోసం తీసి, అక్కడ ఒక పలక మాత్రం పెట్టి వెళ్లారు. పంపుకు ఒక పర్మిట్, వాల్వుకు వేరే పర్మిట్. రాత్రి షిఫ్టువాళ్లకు ఒకటి కనబడింది, రెండోది కనబడలేదు. పంపు నడిపించారు. 167 మంది చనిపోయారు. పర్మిట్ పగటి మనిషి నోటి నుంచి రాత్రి మనిషి చెవికి చేరవలసిన మాట. నోటి మాట షిఫ్టు మారగానే ఇంటికి వెళ్లిపోతుంది కాబట్టి దాన్ని కాగితం మీద పెడతారు. అందుకే పర్మిట్ మీద సంతకం చేసేవాడికి ఆ కాగితంలో ఏముందో అర్థమయ్యే చదువు ఉండాలి, పనిచేసేవాడికి వచ్చే భాషలో ఆ కాగితం ఉండాలి. తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే కార్మికులు ఒకే గొట్టం మీద పనిచేసే చోట ఇంగ్లీషు పర్మిట్ ఒక్కటే గోడకు వేలాడితే అది ఎవరినీ కాపాడలేదు.

కర్మాగారం గేటు దాటి ఊళ్లోకి వద్దాం. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాదు. శనగచేను చేతికి రాని ఏళ్లలో ఈ జిల్లా కుర్రవాళ్లు బోర్ల వెంట తిరిగి పని నేర్చుకున్నారు. గొట్టాలు దించడం, మర కోయడం, మోటారు బిగించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. ఆ నేర్పుతోనే హోటళ్లకు, హాస్టళ్లకు, కల్యాణ మండపాలకు గ్యాస్ లైన్లు కూడా వేస్తున్నారు. పనితనంలో లోపం లేదు. కానీ నీళ్ల గొట్టానికీ గ్యాస్ గొట్టానికీ తేడా ఉంది. నీళ్ల గొట్టం కారితే నేల తడుస్తుంది, లీకు ఎక్కడుందో అదే చెబుతుంది. గ్యాస్ గొట్టం కారితే ఏమీ తడవదు. వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి నేల మీద పాకుతూ కాలువలోకో, సంపులోకో, మెట్ల కిందికో చేరి కూర్చుంటుంది. గాలిలో నూటికి రెండు పాళ్లయితే చాలు, ఫ్రిజ్ స్విచ్చి టక్కుమన్నా అంటుకుంటుంది. కాబట్టి సిలిండర్ల వరస గది బయట, గాలి ఆడే చోట, గుంటలకూ కాలువలకూ దూరంగా ఉండాలి. గది గోడకు నేల మట్టాన గాలి రంధ్రాలుండాలి. లీకు కనిపెట్టే పరికరాన్ని కిందనే బిగించాలి. రేపు సహజవాయువు వస్తే ఇదంతా తలకిందులవుతుంది: అది తేలిక, పైకి పోతుంది, పరికరం కప్పు దగ్గర ఉండాలి, పొయ్యి జెట్లు కూడా మార్చాలి. అనంతపురం, కడప జిల్లాలకు నగర గ్యాస్ పంపిణీని పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు ఇదివరకే ఒక కంపెనీకి అప్పగించింది. గొట్టాలు వస్తున్నాయి. ఒకే వంటగదిలో నిన్న ఒక గ్యాస్, ఇవాళ ఇంకో గ్యాస్ అన్న పరిస్థితి మన ముందుంది.

లైను వేశాక పరీక్ష ఎలా చేస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. గాలితోనో నైట్రోజన్‌తోనో ఒత్తిడి పెట్టి, గేజి ముల్లు దిగుతుందేమో కాసుకుని కూర్చుని, ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి చూడాలి. అగ్గిపుల్ల గీసి చూడటం ఎంత తప్పో అందరికీ తెలుసు. అంతగా తెలియని తప్పు ఒకటుంది. వెల్డరు దగ్గర ఎప్పుడూ ఉండేది ఆక్సిజన్ సిలిండరు. చేతికి అందుబాటులో ఉంది కదా అని దాంతోనే లైనుకు ఒత్తిడి పెడితే, లోపల మర కోసిన నూనె ఏ కాస్త మిగిలున్నా నిప్పు రవ్వ లేకుండానే పేలవచ్చు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి, చెప్పించుకున్నాడని ఎక్కడో రాసి ఉండాలి.

ఇప్పుడు చట్టం ఏం చూస్తోందో చూడండి. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం ఒక చోట 100 కిలోలు మించకుండా వంటగ్యాస్ ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. వ్యాపార సిలిండరు 19 కిలోలు. అయిదు పెడితే 95 కిలోలు. అంటే మామూలు హోటలు లైసెన్సు మెట్టు కిందే ఉండిపోతుంది. అక్కడి నుంచి పొయ్యి దాకా పోయే గొట్టం ఎవరు వేశారని ఆ లైసెన్సు అధికారి అడిగే అవసరమే రాదు. లైన్లు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఉంది, దాని అంకె ఐఎస్ 6044. సిలిండరు మీద ముద్ర ఉంది, రెగ్యులేటరు మీద ముద్ర ఉంది. వేసిన చేతికి మాత్రం దేశమంతటా చెల్లే లైసెన్సు లేదు. ఇది మనకు చేతకాని పని కాదు. బాయిలరుకు, దాని ఆవిరి గొట్టాలకు వెల్డింగు చేయాలంటే వెల్డరు పరీక్ష పాసై తన పేరిట సర్టిఫికెట్ పొందాలి, గడువు తీరితే మళ్లీ పొందాలి. 1950 నాటి బాయిలర్ నిబంధనల నుంచీ ఇది నడుస్తోంది. కరెంటు పనికి వైర్‌మన్ పర్మిట్ ఉంది. ఆవిరికీ కరెంటుకూ పెట్టిన కట్టుబాటు గ్యాస్‌కు ఎందుకు పెట్టకూడదు?

బ్రిటన్‌లో 1968 మే 16న రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో ఒకావిడ టీ కోసం పొయ్యి వెలిగించగానే గ్యాస్ పేలి భవనంలో ఒక మూలనున్న అంతస్తులు ఒకదాని మీద ఒకటి కూలాయి. నలుగురు పోయారు. పొయ్యిని గొట్టానికి కలిపిన ఇత్తడి నట్టు ప్రమాణానికి తగ్గది. అక్కడ ఇప్పుడు గ్యాస్ పని చేసే ప్రతి మనిషీ గ్యాస్ సేఫ్ రిజిస్టరులో ఉండాలి. అతని కార్డు ముందువైపు ఫొటో, నంబరు, గడువు ఉంటాయి. వెనకవైపు ఏయే పనులకు అర్హుడో రాసి ఉంటుంది. ఇంటి పొయ్యి బిగించే అర్హత ఉన్నవాడు హోటలు వంటగది లైను ముట్టుకోరాదు. దానికి వేరే పరీక్ష. అయిదేళ్లకోసారి తిరిగి పరీక్ష రాయాలి. నాకు ఈ ఏర్పాటులో నచ్చింది కార్డు కాదు, దాని వెనకవైపు. అర్హత అంటే గ్యాస్ పని వచ్చు అని గుండుగుత్తగా చెప్పడం కాదు, ఏ గ్యాస్, ఏ గొట్టం, ఏ పని అని విడమరచి చెప్పడం. తాడిపత్రి గొట్టానికి కావలసిన నేర్పు, కల్యాణ మండపం లైనుకు కావలసిన నేర్పు ఒకటి కాదు కదా.

ఈ మాట అనగానే మొదట వచ్చే అభ్యంతరం బతుకుతెరువు గురించి. కరువు జిల్లాలో చేతిపని ఒక్కటే ఆధారమైనవాడిని పరీక్ష పేరుతో పక్కకు నెట్టేస్తారా అని. ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు, నా దృష్టిలో అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇదే. కానీ ఇవాళ ఆ చేతిపనివాడి పరిస్థితి ఏమిటి? ప్రమాదం జరిగితే మొదట పోయేది అతడే. బతికి బయటపడితే తప్పు మోసేదీ అతడే, ఎందుకంటే అతనికి పని వచ్చునని చెప్పే కాగితం లేదు. బడిలో కాకుండా పనిలో నేర్చుకున్న నేర్పును పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి నైపుణ్య పథకాల్లో ఉంది. హైడ్రోకార్బన్ రంగానికి నైపుణ్య మండలి కూడా ఉంది. జిల్లాలోని ఐటీఐల్లో ఫిట్టరు, వెల్డరు కోర్సులు నడుస్తున్నాయి. వాటిలో గ్యాస్ లైను వేరుచేయడం, ఊడ్చడం, పరీక్షించడం అనే మూడు పనులకు కొద్ది వారాల తెలుగు శిక్షణ చేర్చి, ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు రుసుము లేకుండా, కూలి పోకుండా పరీక్ష పెడితే ఎవరి నోటి కూడూ పోదు. రాత పరీక్ష వద్దు. గొట్టం ముందు నిలబెట్టి చేసి చూపించమనాలి. సర్టిఫికెట్ ఉన్న మనిషికి కూలి పెరుగుతుంది కూడా, బెంగళూరుకు పోయినా ఆ కాగితం చెల్లుతుంది.

రెండో అభ్యంతరం, కాగితాలు కొనుక్కుంటారు కదా అని. కొందరు కొనుక్కుంటారు. అయినా డ్రైవింగు లైసెన్సులు కొంటున్నారని లైసెన్సే వద్దని ఎవరం అనలేదు. దీనికి మందు రిజిస్టరును బహిరంగంగా ఉంచడమే: ఎవరు ఏ లైను వేశారో పేరుతో సహా ఆ గోడ మీదే పలక బిగిస్తే, కొన్న కాగితం మొదటి లీకుకే బయటపడుతుంది. మూడో మాట, ఇరవై ఏళ్ల అనుభవం కన్నా పరీక్ష గొప్పదా అని. అనుభవం చాలా విలువైనదే, కానీ జరిగినదాన్ని మాత్రమే అది నేర్పుతుంది. కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గొట్టం పగిలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాస్ పంపడంతో లోపల తుప్పు తినేసింది. గొట్టం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంది, కాబట్టి అనుభవం అంతా బాగుందనే చెబుతుంది. వాసన వస్తుంది కదా, అప్పుడు చూసుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. ఆ వాసన కూడా తేరగా రాలేదు. 1937 మార్చి 18న టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో, ఖర్చు తగ్గుతుందని చమురు బావుల గ్యాస్ లైనుకు తగిలించుకున్న గొట్టం కారి, సుమారు మూడు వందల మంది పిల్లలు, టీచర్లు చనిపోయాకనే గ్యాస్‌కు వాసన కలపాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఇంజినీర్లు పేరు నమోదు చేసుకోవాలనే చట్టం కూడా అదే ఏడు చేసింది. గ్యాస్‌కు వాసన, మనిషికి నమోదు, రెండూ ఒక్క దుఃఖంలోంచి పుట్టాయి. మనం మొదటిది తెచ్చుకుని రెండోది వదిలేశాం.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. హోటలు నడిపేవారు, హాస్టలు వార్డెన్లు, కల్యాణ మండపాల యజమానులు లైను వేయించేటప్పుడు వేసిన మనిషి పేరు, ఒత్తిడి పరీక్ష చేసిన తేదీ, గేజి చూపిన అంకె ఒక కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోండి. కర్మాగారాల్లో పనిచేసే అన్నదమ్ములారా, బ్లైండ్ ప్లేటు కళ్లారా చూడకుండా, మీటరు అంకె మీ ముందు చదివి వినిపించకుండా గొట్టం మీద చెయ్యి వేయకండి. వేయనన్నందుకు ఎవరైనా కోప్పడితే, పరీక్ష లేకుండా, రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరినీ దింపరాదన్న నియమం మీ వైపే ఉంది. ఇళ్లల్లోగానీ హోటళ్లలోగానీ వంటగ్యాస్ వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. సిలిండరు వాల్వు కట్టి, తలుపులు కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది.